ఆత్మీయ మెలకువ: మీ గోడలో కాపలా లేని వైపును కనిపెట్టి కాచుకోవడం ఎలా

ప్రకటన గ్రంథంలో ఏడు సంఘాలకు రాయబడిన లేఖలలో సార్దీస్ సంఘానికి వచ్చినది చాలా కఠినమైనది. "జీవించుచున్నావన్న పేరు మాత్రమున్నది గాని నీవు మృతుడవే" అని మొదలుపెట్టి, జాగరూకతతో ఉండి చావనైయున్న మిగిలినవాటిని బలపరచమని ఆజ్ఞాపించి, మేలుకొనకపోతే దొంగవలె వస్తానని ప్రభువు హెచ్చరించాడు (3:1-3). ఈ మాట ఆ ఊరివాళ్లకు ఎందుకు అంతగా తగిలి ఉంటుందో ఆ ఊరి చరిత్ర తెలిస్తే అర్థమవుతుంది. నేటి టర్కీ పశ్చిమ భాగంలో సార్ట్ గ్రామం దగ్గర శిథిలాలుగా మిగిలిన సార్దీస్ ఒకప్పుడు లిడియా రాజ్యానికి రాజధాని. దాని కోట నిటారైన కొండ మీద ఉండేది. క్రీ.పూ. 546 ప్రాంతంలో పారసీక రాజు కోరెషు దానిని ముట్టడించినప్పుడు, ఎవరూ ఎక్కలేరన్న ధీమాతో ఊరివాళ్లు ఒక వైపు కాపలా పెట్టలేదు. ఆ వైపు నుంచే లిడియా సైనికుడొకడు జారిపడిన తన శిరస్త్రాణం కోసం దిగి మళ్లీ పైకి ఎక్కడం పారసీక సైనికుడొకడు చూశాడని, ఆ దారినే ఎక్కి పారసీకులు కోటను పట్టుకున్నారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. మూడు వందల ఏళ్లకు పైగా గడిచాక, క్రీ.పూ. 214 ప్రాంతంలో, సెల్యూకస్ వంశపు రాజు మూడవ అంతియొకస్ సేనలు అదే పట్టణంలోకి దాదాపు అదే తీరున చొరబడ్డాయి. గోడ మీద ఒకచోట రాబందులు నిశ్చింతగా వాలుతుండడం గమనించి, అక్కడ కాపలా లేదని ఒక సైనికుడు పసిగట్టాడని మరో గ్రీకు చరిత్రకారుడు పొలీబియస్ చెప్పాడు.

రెండుసార్లూ శత్రువు చొరబడిన చోటు, ఊరివాళ్లు భయపడనవసరం లేదనుకున్న చోటే. విశ్వాసి జీవితంలో కూడా పతనం ఎక్కువగా అలాగే జరుగుతుంది కాబట్టి, ఇక్కడ చెప్పబోయే పనులన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: మీ గోడలో కాపలా లేని వైపు ఏది, అక్కడ కాపలా ఎలా పెట్టాలి?

ఒక అపోహను ముందే తొలగించుకోవాలి. మెలకువ అంటే నిద్ర మానుకోవడమనీ, ఎప్పుడూ ఆందోళనతో ఉండడమనీ చాలామంది అనుకుంటారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో అర్ధరాత్రి దాకా కూర్చుని, వాగ్దానపు కార్డు తీసుకుని, జనవరి రెండో వారానికల్లా పాత జీవితంలోకి జారిపోయేవారికి నిద్రను ఆపుకోగల శక్తి లేదని ఎవరూ అనలేరు. మత్తయి 25లోని పదిమంది కన్యకలలో బుద్ధిగలవారు, బుద్ధిలేనివారు అందరూ కునికి నిద్రపోయారు. పెండ్లికుమారుడు వచ్చేసరికి కొందరి దగ్గర నూనె ఉంది, కొందరి దగ్గర లేదు. కనుక మెలకువలో అధిక భాగం ముందుగా చేసిపెట్టుకునే ఏర్పాటే. ఆ ఏర్పాటు ఎలా చేసుకోవాలో చూద్దాం.

మొదట ఒక వారం గమనించి రాసుకోండి

ఒక చిన్న నోటు పుస్తకం తీసుకోండి. ఫోనులో రాయకండి, చాలామందికి ఫోను తెరవడమే శోధన మొదలయ్యే చోటు కాబట్టి దానినే కాపలాదారుగా పెట్టుకోవడం తెలివైన పని కాదు. ఒక వారం పాటు, కోపంలోగాని, నోటి మాటలోగాని, చూపులోగాని, డబ్బు విషయంలోగాని, ప్రార్థన మానేయడంలోగాని మీరు జారిపోయిన ప్రతిసారీ, జారబోయి ఆగిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయండి: ఏ సమయం, ఏ చోటు, పక్కన ఎవరున్నారు, అంతకు ముందు ఏం జరిగింది. పాపాన్ని వర్ణించి రాయవలసిన అవసరం లేదు. నాలుగో సంగతిని మాత్రం వదలకండి.

అలా రాసిన ఒక వరుస ఇలా ఉండవచ్చు: "గురువారం, రాత్రి 11.20, హాల్లో సోఫా మీద, అందరూ పడుకున్నారు. సాయంత్రం మీటింగులో పదిమంది ముందు మాట పడ్డాను. భోజనం సరిగా చేయలేదు." ఈ వరుసను నిదానంగా చదివితే ఒక సంగతి తెలుస్తుంది. ఆ వ్యక్తి రాత్రి పదకొండు గంటలకు ఫోనులో చూడకూడనిది చూసి, అదే తన సమస్య అనుకుంటున్నాడు. నిజానికి కాపలా తప్పిన వేళ సాయంత్రం ఆరు గంటలు. అక్కడ పడిన అవమానాన్ని దేవుని దగ్గర గాని, భార్య దగ్గర గాని చెప్పుకోకుండా ఐదు గంటలు లోపల మోసుకుని తిరిగినందువల్ల, రాత్రికి మనసు ఏదో ఒక ఊరటను వెతుక్కుంది. ఫోనును దూరంగా పెట్టుకోవడం మంచిదే కాని, ఈ వ్యక్తికి అంతకంటె ముఖ్యమైన కాపలా ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే దారిలో ఉండాలి.

వారం గడిచాక ఆ పేజీలను వరసగా చదవండి. ఒకే సమయమో, ఒకే చోటో, ఒకే మనిషితో మాటలో మళ్లీ మళ్లీ కనబడతాయి. వాటి కింద గీత గీయండి.

ఇంతవరకు చేసినది బలహీనతల లెక్క. సార్దీస్‌వాళ్లు దెబ్బతిన్నది బలమని నమ్మినచోట కనుక, పక్క పేజీలో "ఈ విషయంలో నాకు భయం లేదు" అనుకునే మూడు సంగతులు కూడా రాయండి. ఇది రాయడం మొదటి పేజీకంటె కష్టం, ఎందుకంటే మనం వాటిని సద్గుణాలుగా లెక్కవేసుకుని ఉంటాం. పేతురు తన ధైర్యాన్ని అలాగే లెక్కవేసుకున్నాడు. "నీ విషయమై అందరు అభ్యంతరపడినను నేను ఎప్పుడును అభ్యంతరపడను" అన్న ఆ మనిషి, ఆయుధాలతో వచ్చిన గుంపు ఎదుట కత్తి దూశాడు; అదే రాత్రి ప్రధానయాజకుని ఇంటి ముంగిట ఒక పనిపిల్ల అడిగిన ప్రశ్నకు మాత్రం తట్టుకోలేకపోయాడు. భూమి మీద ఉన్న వారందరిలో మిక్కిలి సాత్వికుడని పేరుబడ్డ మోషే, మెరీబా దగ్గర కోపంతో పలికిన మాటల వల్ల వాగ్దాన దేశంలో అడుగుపెట్టలేకపోయాడు. దావీదు యుద్ధవీరుడు; రాజులు యుద్ధానికి బయలుదేరే కాలంలో అతడు యెరూషలేములో ఉండిపోయాడని, సాయంత్రం పడక మీదనుంచి లేచి మిద్దెమీద నడుస్తుండగా బత్షెబను చూశాడని 2 సమూయేలు 11 చెబుతుంది.

మన మధ్య ఇది ఎలా కనబడుతుందో ఆలోచించండి. మద్యం ముట్టనివాడు దానినే చూసుకుని, ముట్టేవారిని తక్కువగా మాట్లాడుతూ ఉంటాడు. సంఘపు డబ్బును పైసాతో సహా లెక్క చెప్పే కోశాధికారి ఇంట్లో భార్యకు ఒక్క రూపాయి స్వేచ్ఛ కూడా ఇవ్వకపోవచ్చు. ప్రతి కూడికలోనూ ముందుండి నడిపించే సహోదరి కోడలితో మాట్లాడే తీరును ఎవరూ పరీక్షించరు, ఆమె కూడా పరీక్షించుకోదు. "తాను నిలుచుచున్నానని తలంచుకొనువాడు పడకుండునట్లు జాగ్రత్తగా చూచుకొనవలెను" అన్న 1 కొరింథీయులు 10:12లోని హెచ్చరిక బలహీనుల కంటె ముందు వీరికే చెందుతుంది.

శరీరాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి

హృదయం మొద్దుబారడానికి ప్రభువు చెప్పిన కారణాలు లూకా 21:34లో ఉన్నాయి: తిండి, మత్తు, ఐహిక విచారాలు. ఈ మూడింటిలో మనం మత్తును మాత్రమే పాపంగా లెక్కపెడతాం. పిల్లల ఫీజులు, ఇంటి లోను, కూతురి సంబంధం, వీసా స్టాంపింగు వంటి చింతలు కూడా అదే పని చేస్తాయని, తాగినవాడి మనసు ఎంత మందగిస్తుందో నెల చివరి లెక్కల్లో మునిగినవాడి మనసు కూడా అంత మందగించగలదని ఆ వచనం చెబుతోంది. లూకా సువార్తే ఇంకొక కారణాన్ని కూడా చూపిస్తుంది. గెత్సేమనేలో శిష్యులు "దుఃఖముచేత" నిద్రపోయారని 22:45 అంటుంది. ఇంట్లో మరణం సంభవించిన కుటుంబాలు, ఉద్యోగం పోయినవారు, బిడ్డ చెప్పిన మాట వినక వెళ్లిపోయిన తలిదండ్రులు ప్రార్థన చేయలేకపోవడానికి చాలాసార్లు అవిశ్వాసం కాదు, ఈ దుఃఖమే కారణం. వారిని గద్దించి లేపకూడదు.

ఏలీయా సంగతి గుర్తుచేసుకోండి. కర్మెలు కొండ మీద గెలిచిన వెంటనే అతడు బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవుడు అతనికి మొదట ఉపదేశం పంపలేదు. నిద్రపోనిచ్చాడు, దూత తట్టి లేపి భోజనం పెట్టాడు, మళ్లీ పడుకోనిచ్చి మళ్లీ తినిపించాడు. కనుక మీ నోటు పుస్తకంలో నిద్ర ఎన్ని గంటలో, భోజనం ఏ వేళకో కూడా రాయండి. పెద్ద కూడికలు, ఉపవాస ప్రార్థనలు, వాక్య పరిచర్య ముగిసిన మర్నాడు శోధన ఎక్కువగా ఉంటుందని గమనించినవారు ఆ రోజును ముందే తేలిక చేసుకోవడం మంచిది. శరీరం అలసిన గంటలో పెద్ద నిర్ణయాలు తీసుకోకండి, పాత గొడవ మళ్లీ ఎత్తకండి, కుటుంబ వాట్సాప్ గ్రూపులో జవాబు రాయకండి.

ఉదయం ఆ రోజు కాపలాను పేరు పెట్టి నిలబెట్టండి

ఉదయం ప్రార్థన ఎంతసేపు చేయాలన్నదాని మీద మన సంఘాలలో బోధ చాలా ఉంది కాబట్టి దాని మీద ఎక్కువ చెప్పను. వేకువనే లేవగలవారు లేవండి; రాత్రి డ్యూటీ చేసే నర్సులు, అమెరికా వేళల్లో పనిచేసేవారు, గల్ఫులో షిఫ్టుల్లో ఉన్నవారు తమ రోజు మొదలయ్యే గంటనే ఉదయంగా లెక్కపెట్టుకోండి. దానికి సిగ్గుపడనవసరం లేదు. ముఖ్యమైనది, ఆ ప్రార్థనలో ఈ రోజు ప్రమాదాన్ని పేరు పెట్టి చెప్పడం. "ప్రభువా, నన్ను కాపాడు" అని మాత్రమే ప్రార్థించి లేచేవారికి ఏ వైపునుంచి కాపాడాలో తమకే తెలియదు. "ఈ రోజు నాలుగు గంటలకు ఫలానా వ్యక్తితో డబ్బు గురించి మాట్లాడాలి, నాకు అబద్ధం చెప్పాలనిపిస్తుంది, సత్యం చెప్పే ధైర్యం ఇవ్వు" అని ప్రార్థించినవారు, నాలుగు గంటలు కొట్టినప్పుడు ఆ ప్రార్థనను గుర్తుచేసుకుంటారు.

ప్రార్థనతోపాటు ఒక ఏర్పాటు కూడా ఉండాలి. యెరూషలేము గోడ కట్టేటప్పుడు నెహెమ్యా తన దేవునికి ప్రార్థన చేసి, రాత్రింబగళ్లు కావలి ఉంచాడు (4:9). ఆ వచనంలో రెండు పనులూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఒకదానికి బదులు ఇంకొకటి అని లేదు. మీరు గీత గీసిన సమయాన్ని, చోటును చూసి కావలి నిర్ణయించండి. రాత్రి ఫోను సమస్య అయితే ఛార్జరు పడకగదిలో ఉండకూడదు, పాత గడియారం ఒకటి కొనుక్కుని అలారానికి దానిని వాడండి. ఆన్‌లైన్ పందేలు సమస్య అయితే ఆ యాప్ తీసేయడంతో ఆగక, డబ్బు లావాదేవీల వివరాలు ఇంట్లో ఇంకొకరికి కూడా కనబడేలా చేయండి. ఇంటికి రాగానే పిల్లల మీద కేకలు వేయడం సమస్య అయితే, బండి ఆపి, వీధి మలుపులోనే ఐదు నిమిషాలు నిలబడి ఆ రోజు పడిన మాటలను దేవునికి చెప్పి, అప్పుడు గడప తొక్కండి. ఈ ఐదు నిమిషాలు చాలా ఇళ్లలో గంట ప్రార్థనకంటె ఎక్కువ మార్పు తెస్తాయని నా అభిప్రాయం.

వాక్యాన్ని కూడా ఇదే ఉద్దేశంతో ఎంచుకోండి. అరణ్యంలో ప్రభువు అపవాదికి మూడుసార్లూ ఇచ్చిన జవాబులు ద్వితీయోపదేశకాండం 6, 8 అధ్యాయాల నుంచి వచ్చినవే. ప్రతి శోధనకూ దానికి సరిపోయే వచనం వచ్చింది. మీరు కూడా మీ గోడలోని ఆ వైపుకు తగిన ఒక్క వచనాన్ని నెల రోజుల పాటు కంఠస్థం చేసి నిలుపుకోండి. కోపానికి యాకోబు 1:19-20, ధనాశకు హెబ్రీయులు 13:5, కంటి చూపుకు యోబు 31:1 సరిపోతాయి. క్యాలెండరు మీద రోజుకొకటి వచ్చే వచనం మంచిదే కాని, అవసరమైన గంటలో అది గుర్తురాదు.

శోధన వచ్చిన తొలి నిమిషంలోనే తేల్చండి

దురాశ గర్భము ధరించి పాపాన్ని కంటుందని యాకోబు 1:15 చెబుతుంది. ఆ వరుసలో తొలిదశలోనే ఆపడం సులువు, ఆలస్యమయ్యేకొద్దీ కష్టం. ఎలా ఆపాలన్నది శోధనను బట్టి ఉంటుంది. కొన్నింటిని ఎదిరించాలి, కొన్నింటి నుంచి పారిపోవాలి. ఈ రెండింటినీ తారుమారు చేసుకోవడం వల్ల చాలామంది దెబ్బతింటారు. భయం, సందేహం, నిందల మధ్య విశ్వాసాన్ని వదిలేయాలనిపించడం వంటివాటిని నిలబడి ఎదిరించమని 1 పేతురు 5:8-9 చెబుతుంది. జారత్వం విషయంలో మాత్రం లేఖనం నిలబడి వాదించమనదు, పారిపొమ్మంటుంది (1 కొరింథీయులు 6:18). యోసేపు పోతీఫరు భార్య చేతిలో వస్త్రం విడిచిపెట్టి బయటికి పరుగెత్తాడు. తన పరిశుద్ధత ఎంత బలమైనదో అక్కడ నిలబడి నిరూపించాలనుకోలేదు. "నేను జాగ్రత్తగానే ఉంటాను" అంటూ ఒక సంభాషణను, ఒక పరిచయాన్ని కొనసాగిస్తున్నవారు, మెలకువగా ఉన్నామనుకుంటూనే కాపలాను గోడ దింపేస్తున్నారు.

రోజు ముగించే ముందు పది నిమిషాలు

రాత్రి పడుకునే ముందు కీర్తన 139:23-24ను ప్రార్థనగా చదవండి. "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" అని మొదలయ్యే ఆ మాటల్లో పరిశోధించేవాడు దేవుడే గనుక, మీరు మీ మీద న్యాయాధిపతిగా కూర్చోకండి. ఆ రోజును ఉదయం నుంచి గుర్తుచేసుకుంటూ ముందు కృతజ్ఞతలు చెప్పండి. ప్రార్థనలో కృతజ్ఞతతో మెలకువగా ఉండమని కొలొస్సయులు 4:2 చెబుతుంది. తర్వాత జారిన చోటును పేరు పెట్టి ఒప్పుకోండి. "తెలిసీ తెలియక చేసిన పాపాలు క్షమించు" అన్న ఒక్క వాక్యంతో అన్నింటినీ మూటకట్టకండి, ఎందుకంటే పేరు లేని పాపానికి కాపలా పెట్టలేం. ఒప్పుకున్న తర్వాత 1 యోహాను 1:9ను నమ్మి ఆ సంగతిని ముగించండి. రాత్రంతా దానినే తలచుకోవడం మెలకువ కాదు.

ఎవరితోనైనా కోపం మిగిలి ఉంటే సూర్యుడస్తమించేలోగా తేల్చుకోవాలని, అపవాదికి చోటియ్యకూడదని ఎఫెసీయులు 4:26-27 చెబుతుంది. ఇంట్లోవారితో అయితే ఆ రాత్రే క్షమాపణ అడగండి. దూరంగా ఉన్నవారితో అయితే, పొద్దుపోయాక ఫోను చేసి కొత్త గొడవ తెచ్చుకోకుండా, రేపు ఏ సమయంలో ఏం మాట్లాడాలో రాసి పెట్టుకోండి.

ఒంటరిగా కాపలా కాయకండి

గెత్సేమనేలో ప్రభువు కూడా ముగ్గురిని వెంట తీసుకెళ్లి తనతో మేల్కొని ఉండమని అడిగాడు. 1727 ఆగస్టులో జర్మనీలోని హెర్న్‌హూట్ అనే చిన్న గ్రామంలో మొరేవియన్ అనే ప్రొటెస్టంట్ సంఘపు విశ్వాసులు గంటలను పంచుకుని, ఒకరి తర్వాత ఒకరు వంతుగా ప్రార్థించడం మొదలుపెట్టారు. ఆ ప్రార్థన నూరేళ్లకు పైగా సాగింది. ఏ ఒక్కరి భక్తీ నూరేళ్లు మేల్కొని ఉండలేదు. వంతుల ఏర్పాటు వల్లనే అది సాధ్యమైంది.

మీకు కావలసినది ఒక్కరు, మహా అయితే ఇద్దరు. పురుషునికి పురుషుడు, స్త్రీకి స్త్రీ తోడుగా ఉండడం మేలు. మీ గురించి గొప్పగా అనుకునేవారిని కాక, మీకు మొహమాటం లేకుండా చెప్పగలవారిని ఎంచుకోండి. దావీదు పాపాన్ని అతని ముఖం మీదే చెప్పిన ప్రవక్త నాతాను అటువంటివాడు. వారానికోసారి అరగంట కలవండి, దూరంగా ఉంటే ఫోనులో మాట్లాడుకోండి. అడగవలసిన ప్రశ్నలను ముందే ఒప్పుకోండి: గీత గీసిన ఆ గంటలో ఈ వారం ఎలా గడిచింది, ఇంట్లోవారితో మాట ఎలా ఉంది, నాకు చెప్పకుండా దాచాలనుకున్నది ఏదైనా ఉందా? మూడో ప్రశ్న అడగడానికి ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంటుంది, అయినా అడగాలి.

ఇక్కడ ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. మన కూడికలలో ఒకరి రహస్యం "ప్రార్థనాంశం" పేరుతో ఆదివారం సాయంత్రానికల్లా పేటంతా తిరగడం అందరికీ తెలిసిందే. ఒకసారి అలా కాలినవారు మళ్లీ ఎవరికీ ఏదీ చెప్పరు, ఒంటరిగా కాపలా కాస్తూ ఒంటరిగా పడిపోతారు. కనుక మీరు తోడుగా ఉండేవారి సంగతిని మీ భార్యకు గాని భర్తకు గాని, సంఘ కాపరికి గాని వారి అనుమతి లేకుండా చెప్పకండి. పిల్లలకు గాని ఇంకెవరికైనా గాని హాని జరుగుతున్నప్పుడు మాత్రం ఈ నియమం వర్తించదు. అప్పుడు మౌనం పాపమవుతుంది, సంఘం పరువు కంటె ఆ మనిషి భద్రత ముఖ్యం. మద్యానికో పందేలకో బానిసైనవారికి తోటి విశ్వాసి ప్రార్థనతోపాటు వైద్యుని సహాయం కూడా అవసరమని గుర్తించి, ఆస్పత్రికి వెంట వెళ్లడం కూడా ఆ తోడులో భాగమే.

పరిచర్యలో ఉన్నవారు, బోధలు వినేవారు

సార్దీస్ సంఘానికి పేరుంది. పాటల బృందం, సండే స్కూలు, స్త్రీల సమాజం, యూట్యూబులో ఆరాధన ప్రసారం అన్నీ చక్కగా నడుస్తున్నప్పుడు వాటిని నడిపేవారి లోపలి నిద్రను ఎవరూ గమనించరు. మీరు పరిచర్యలో ఉంటే నెలకోసారి, ప్రభువు బల్లకు ముందు రోజు, మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగండి: ఈ నెలలో ఎవరికీ చెప్పడానికి కాకుండా, నా కోసమే నేను వాక్యం చదివిన రోజులు ఎన్ని? ప్రసంగం కోసం చదివినది, సాక్ష్యం చెప్పడానికి దాచుకున్నది ఈ లెక్కలోకి రాదు. జవాబు మరీ తక్కువైతే, ఒక బాధ్యతను కొంతకాలం ఇంకొకరికి అప్పగించండి. మీరు లేకపోయినా పాటలు సాగుతాయి.

వినేవారికి ఇంకొక మెలకువ కావాలి. ప్రభువు రాకడను గూర్చి మెలకువగా ఉండమన్న మార్కు 13లోనే ఆ దినము, ఆ గడియ ఎవరికీ తెలియదని 32వ వచనం చెబుతుంది. అయినా తేదీలు చెప్పేవారు ప్రతి తరంలోనూ పుడుతూనే ఉన్నారు. అమెరికాలో విలియం మిల్లర్ బోధను నమ్మి 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని ఎదురుచూసిన వేలమందికి ఆ తర్వాత మిగిలింది తీవ్రమైన నిరాశ. తేదీ చెప్పే ప్రవచనాన్ని, భయపెట్టి కానుక అడిగే వీడియోను, "ఈ సందేశం పదిమందికి పంపకపోతే" అనే వాట్సాప్ సందేశాన్ని ఇతరులకు పంపే ముందు బెరయవారిలా లేఖనాలు తెరిచి చూడండి (అపొస్తలుల కార్యములు 17:11). ఒక బోధకుడి పేరు ఎంత పెద్దదైతే అంత ఎక్కువగా పరీక్షించండి.

పడిపోయినప్పుడు

ఇన్ని ఏర్పాట్లు చేసుకున్నా పడిపోయే రోజు వస్తుంది. ఆ రోజు మొదట చేయవలసినది ఆలస్యం చేయకపోవడం. పాపం చేసిన తర్వాత కొన్నాళ్లు ప్రార్థనకు దూరంగా ఉండి, కొంత పవిత్రంగా అనిపించాక తిరిగి రావాలనుకోవడం మనలో చాలామందికి అలవాటు. మందిరానికి వెళ్లడం, బల్లలో పాలుపొందడం మానుకుని నెలలు గడిపేస్తారు. ఆ ఖాళీ రోజులలోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. సార్దీస్‌కు ప్రభువు చెప్పిన మందు తేలికైన క్రమంలోనే ఉంది: విన్నదానిని జ్ఞాపకం చేసుకోవడం, దానిని గైకొనడం, మారుమనస్సు పొందడం. అదే గంటలో మోకరించి ఒప్పుకోండి, అదే రోజు మీ తోడుకు చెప్పండి, ఎవరికైనా నష్టం కలిగించి ఉంటే దానిని సరిచేయడానికి వీలైన మొదటి పని వెంటనే చేయండి. తర్వాత నోటు పుస్తకం తెరిచి ఆ నాలుగు సంగతులు రాయండి. కొన్నిసార్లు మీరు కాపలా పెట్టిన చోటు సరిగానే ఉంటుంది, శత్రువు వేరే వైపున ఎక్కి ఉంటాడు. అప్పుడు మీ ఏర్పాటును మార్చుకోవాలి.

దీనికి పూర్తిగా భిన్నమైన కష్టం కొందరికి ఉంటుంది. వారు ప్రతి తలంపునూ పాపంగా లెక్కించి, ఒప్పుకున్నదానినే పదే పదే ఒప్పుకుంటూ, క్షమించబడ్డానా లేదా అని రాత్రుళ్లు నిద్రపోలేరు. వారికి ఈ నోటు పుస్తకం పద్ధతి మేలు చేయదు. కొంతకాలం దానిని పక్కనపెట్టండి. యెహోవా పట్టణమును కాపాడకపోతే కావలివాడు మేలుకొని ఉండడం వ్యర్థమని 127వ కీర్తన, ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడని 121వ కీర్తన చెబుతున్నాయి. రాత్రి పరీక్షకు బదులు ఈ రెండింటిని చదివి దీపం ఆర్పేయండి. నిద్రలేమి, భయం వారాల తరబడి తగ్గకపోతే సంఘ కాపరితో మాట్లాడండి, దానితోపాటు వైద్యుని కూడా కలవండి.